చెవుల టీచరు పట్టుకున్న ఆదివారం

"రేపెప్పుడైనా ఏదో గదిలో ఉండిపోయి, బయటి నుంచి గడియ పడిపోతే? అప్పుడైనా నోరు తెరిచి ఎవరినైనా పిలుస్తుందంటారా?"

టీచరుగారిని మొదటిసారి కలిసినప్పుడు నమస్కారం కూడా పెట్టకుండా నేను అడిగిన మాట ఇది. ఆవిడ కంగారు పడలేదు. మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్ల తీగను వేలికి చుట్టుకుంటూ, నా వెనక నా చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డ మా పాపను చూశారు.

"మా క్లాసురూముకి గడియ లేదు బాబూ. ఊడిపోయి చాన్నాళ్లయింది. పెట్టించమని నేను అడగలేదు, పెడతామని వాళ్లూ అనలేదు," అన్నారు. తర్వాత పాప వైపు వంగారు. "నీకేమంటే ఇష్టమమ్మా?"

"బొమ్మలేయడమండీ," అన్నాను.

"మీకా?"

"కాదండీ, పాపకి."

"ఓహో," అని నవ్వి ఊరుకున్నారు.

ఇంట్లో మా పాప నోటికి విరామం ఉండదు. బకెట్టుకు పాఠం చెబుతుంది, చెప్పుల జతల మధ్య తగువులు తీరుస్తుంది, వాళ్లమ్మ ఫోనులో మాట్లాడుతుంటే పక్కనుంచి మాటలు అందిస్తుంది. బడి గేటు దాటిందంటే మాత్రం ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోతుంది. డాక్టరు గొంతు చూశాడు, చెవులు చూశాడు, అన్నీ సరిగానే ఉన్నాయన్నాడు. నేను చదివింది భౌతికశాస్త్రం, చేసేది కొలత పరికరాలను సరిచూసే ఉద్యోగం. ముల్లు ఎందుకు కదలడం లేదో తెలియని యంత్రాన్ని చూస్తే నాకు అన్నం సహించదు. దానికి తోడు ఆ ఏడు హెడ్‌మాస్టరు పిలిచి మెత్తగానే చెప్పారు, మూడో తరగతి అయ్యేలోగా పాప బడిలో ఒక్క మాటైనా మాట్లాడకపోతే, ఇలాంటి పిల్లల కోసం ఉండే వేరే బడి చూసుకోవడం మంచిదని. ఆ 'వేరే' అన్న మాట నా చెవిలో చాలా రోజులు ఉండిపోయింది.

టీచరుగారిని పిల్లలు చెవుల టీచరు అంటారు. ముందు చాటుగా అనేవారట. ఒకరోజు ఆవిడే బోర్డు మీద తన బొమ్మ వేసి, చెవులు రెండూ చేటలంత పెట్టి, "సరిపోయాయా, ఇంకా పెంచనా?" అని అడిగారట. అప్పటినుంచి అది బాహాటంగా ఖాయమైపోయింది.

ఆవిడ చెవులకు ఒక కథ ఉంది. వాళ్లమ్మ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసేది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక చంటిదాన్ని వెంట తీసుకెళ్లి ఫోన్లు కలిపే బోర్డు కింద దుప్పటి పరిచి పడుకోబెట్టేది. పైన తీగలు గుచ్చే టకటకలు, వాళ్లమ్మ గొంతు "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అనడం, ఆ తర్వాత ఎవరో ఇద్దరు ఎక్కడెక్కడి నుంచో కలుసుకునే ముందు వచ్చే చిన్న గుయ్యిమనే ఖాళీ. "నేను నిద్రపోయింది ఆ ఖాళీలోనే బాబూ," అని చెప్పారొకసారి. "మాటలు నాకు అర్థమయ్యే వయసు కాదు. మాటకి ముందుండేది మాత్రం బాగా అలవాటైపోయింది."

ఆవిడ చాలా ఏళ్లు అందరిలాగే పాఠాలు చెప్పారు. ఉద్యోగ విరమణ దగ్గర పడుతున్న రోజుల్లో, మిగతావాళ్లు సెలవులు లెక్కపెట్టుకునే వేళ, ఆవిడకు ఈ ఉచితంగా దొరికే ఇంటర్నెట్ పనిముట్ల పిచ్చి పట్టుకుంది. అందరూ ఒకేసారి రాయగలిగే, బొమ్మలు గీయగలిగే పేజీ ఒకటి, అందరి గొంతులూ విడివిడి వరసల్లో పరిచి ఒకదానిమీద ఒకటి పేర్చే రికార్డింగు పేజీ ఒకటి. నేర్చుకునే దారిలో చేయని పొరపాటు లేదు. ఒకసారి పేజీ తలుపు లోకమంతటికీ తెరిచి పెట్టి వెళ్లిపోతే, తెల్లారేసరికి పిల్లలు గీసిన ఆవులన్నిటికీ ఎవరో మీసాలు పెట్టారు. పిల్లలకు అవి తెగ నచ్చడంతో తీసేయనివ్వలేదు.

"ఉచితంగా వచ్చేవాటి వెంట ఇంత పరుగేంటి మేడం?" అని లెక్కల సారు ఆటపట్టించేవారట.

"గాలి కూడా ఉచితమే సార్. మీరు పీల్చడం మానేశారా?"

ఆ ఏడు మూడో తరగతి పిల్లలు ఒక శ్రవ్య నాటకం తయారు చేస్తున్నారు. ఆదివారంనాడు ఎవరూ లేని బడిలో వస్తువులు ఏం చేస్తాయన్నది కథ. పిల్లలంతా బడిలోని పాత కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకే పేజీలో రాసేవారు. ఎవరు ఎక్కడ రాస్తున్నారో చూపించడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు గీత. ఆ లింకు తల్లిదండ్రులకూ ఇచ్చారు, చూడటానికి మాత్రమే. నేను ఆఫీసులో భోజనం డబ్బా తెరిచి, పక్కన ఆ పేజీ కూడా తెరిచేవాణ్ణి. రంగురంగుల గీతలు నీళ్లలో చేపల్లా అటూ ఇటూ తిరుగుతుండేవి. ఒక చోట అక్షరాలు మొలిచేవి, మరో చోట మాయమయ్యేవి. డస్టర్ ఆవలించేది, గంట తనను ఎవరూ కొట్టకపోతే తోచడం లేదనేది, కుర్చీ నడుం వాల్చేది. వాటి మధ్య ఒక లేత ఆకుపచ్చ గీత కదలకుండా మినుకుమినుకుమంటూ నిలబడి ఉండేది. అది మా పాప. అలా ఎంతసేపు చూసేవాణ్ణో, అన్నం చల్లారిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆ ఆకుపచ్చ గీత కదిలింది. పేజీ చివరికి వెళ్లి ఒక్క వాక్యం రాసింది. "అందరూ మాట్లాడుతుంటే ఆదివారం ఎక్కడుంది?"

కాసేపటికి దాని కింద టీచరుగారి ఎర్ర గీత వచ్చి రాసింది. "నిజమే. ఆదివారం వేషం ఎవరిదర్రా?"

వేషం మా పాపకే దక్కింది. ఆదివారానికి మాటలుండవు కదా. మిగతా పిల్లలు ఆటలకు పోయిన వేళ, టీచరుగారు బడి ఫోను కిటికీ గట్టు మీద పెట్టి, పాపకు మీట చూపించి తానూ బయటికి వెళ్లిపోయారు. ఒంటరి గదిని పాప రికార్డు చేసింది. నిదానంగా తిరిగే ఫ్యాను, గట్టు మీద పావురం గొణుగుడు, ఎక్కడో కొళాయి చుక్క, బల్ల మీంచి దొర్లిన సుద్దముక్క. ఆ చప్పుడును అన్ని గొంతుల కింద వరసగా పరిచారు. ఆ రోజు ఇంటికొచ్చి, "నాన్నా, నేను లేకపోతే వాళ్లందరూ కింద పడిపోతారు తెలుసా?" అంది పాప. మా ఆవిడ నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం, ఇది మాట్లాడటం కిందికి వస్తుందా రాదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. "మీ కొలబద్ద కాసేపు పక్కన పెట్టండీ," అంది మా ఆవిడ.

నాటకం వినడానికి తల్లిదండ్రులను పిల్లలతో సహా ఒక సాయంత్రం పూట పిలిచారు. మూడో తరగతి గదిలో చిన్న బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం. హెడ్‌మాస్టరు తలుపు దగ్గర నిలబడ్డారు. లెక్కల సారు ముందు వరసలోనే కుర్చీ వేసుకున్నారు. కిటికీలోంచి ఎండ పసుపురంగు గుడ్డలా నేల మీద పరుచుకుని ఉంది.

నాటకం మొదలైంది. డస్టర్ ఆవలించింది. గంట విసుక్కుంది. ప్రతి మాటా చాకుతో కోసినట్టు స్పష్టంగా ఉంది. మాటకూ మాటకూ మధ్య మాత్రం ఏమీ లేదు. ఫ్యాను లేదు, పావురం లేదు, చుక్క లేదు. గొంతులన్నీ ఎక్కడా కాలు ఆనకుండా గాలిలో వేలాడుతున్నాయి.

"భలే క్లియర్‌గా ఉంది మేడం! స్టూడియోలో చేసినట్టుంది," అన్నారు లెక్కల సారు.

పాప నా పక్కనే కూర్చుని ఉంది. దాని వేళ్లు నా చెయ్యి వదిలేశాయి. మెల్లగా జారి బెంచీ కిందికి వెళ్లిపోయింది. దాని రిబ్బను కొస తప్ప నాకేమీ కనిపించలేదు.

టీచరుగారు నాటకం ఆపేశారు. తర్వాత అందరి వైపు తిరిగారు.

"ఆదివారం లేదు," అన్నారు. "నేనే తుడిచేశానర్రా."

జరిగింది ఏమిటంటే, ఆ రికార్డింగు పేజీలో చప్పుళ్లను శుభ్రం చేసే మీట ఒకటుంది. పెద్దలు వస్తున్నారు కదా అని, ముందు రోజు ఆవిడ అది నొక్కారు. యంత్రం గొంతులను ఉంచి, గొంతు కానిదంతా చెత్త అనుకుని ఊడ్చేసింది. ఊడ్చాక ఆవిడ వినకపోలేదు. స్టాఫ్‌రూంలో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నారు. ఆ గదిలోనూ ఒక ఫ్యాను తిరుగుతోంది, దాని కిటికీ మీదా పావురాలున్నాయి. బయటి చప్పుళ్లనే లోపలివి అనుకుని, అంతా సరిగ్గా ఉందని తల ఊపారు. జీవితమంతా వింటూ గడిపిన మనిషి చేయగల పొరపాటు అది. ఉచిత ఖాతాలో జాగా చాలక పాప చేసిన మొదటి రికార్డింగు అందులో దాచలేదు, ఫోనులోంచీ అప్పటికే తీసేశారు.

ఇదంతా ఆవిడ పిల్లలకు చెప్పినట్టే, ఏ మాటా నమలకుండా అందరి ముందూ చెప్పారు. తర్వాత మా బెంచీ దగ్గరికి వచ్చి నేల మీద చతికిలబడ్డారు.

"తప్పు నాదే తల్లీ. నీ ఆదివారం చాలా బాగుంది. నాకు వినపడింది కాబట్టే చెబుతున్నా."

బెంచీ కింద రిబ్బను కొస ఇంకాస్త లోపలికి జరిగింది. "పాపేమీ అనుకోదండీ, దానికి..." అని నేను మొదలుపెట్టాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

టీచరుగారు లేచారు. బతిమాలలేదు. ఫోను తీసి కిటికీ గట్టు మీద పెట్టి, "మళ్లీ పట్టుకుందాం. గదిలో ఎవరూ లేనట్టు కూర్చోగలరా మీరంతా?" అని మీట నొక్కారు.

ఇంతమంది పెద్దవాళ్లు ఎవరూ లేనట్టు కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఎవరి బెంచీయో కిర్రుమంది. ఎవరికో దగ్గు వచ్చింది. బెంచీ కింద రిబ్బను కదిలింది. పాప పాక్కుంటూ బయటికొచ్చి, గట్టు దగ్గరికి వెళ్లి, రికార్డింగు ఆపి, తల అడ్డంగా ఊపింది. మళ్లీ నొక్కింది. కళ్లు మూసుకుని వింది. మళ్లీ ఆపేసింది. గదినంతా ఒక్కసారి కలయజూసింది. ఇంట్లో చెప్పులకు తీర్పు చెప్పేటప్పటి మొహం అది, నాకు బాగా తెలుసు.

"లెక్కల సార్," అంది పాప. "మీ వాచీ టిక్‌టిక్‌మంటోంది. బయట పెట్టి రండి."

లెక్కల సారు వాచీ విప్పి, నేరస్తుడిలా వేళ్ల కొసలతో పట్టుకుని వెళ్లి, వరండాలో పెట్టి వచ్చారు. దారిలో హెడ్‌మాస్టరు తప్పుకుని దారి ఇచ్చారు.

"చెప్పులు కూడా," అంది పాప.

ఆయన చెప్పులు విడిచారు. ఆయన్ని చూసి మేమంతా విడిచాం.

తర్వాత జరిగింది నాకిప్పటికీ కలలా ఉంటుంది. ఫ్యాను గాలిని మెల్లగా తిప్పుతోంది. పావురం ఏదో గొణిగి, మరిచిపోయి, మళ్లీ గొణిగింది. కొళాయి చుక్క పడబోయి ఆగి పడింది. ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదని, వస్తువుల లోపలి వేడికే ఎంతో కొంత సవ్వడి ఉంటుందని నేను పుస్తకాల్లో చదివాను. ఆ సాయంత్రం మాత్రం అందరం కలిసి ఒక పెద్ద జంతువు పొట్టలో కూర్చుని, అది నిద్రపోతుంటే దాని ఊపిరి వింటున్నట్టు అనిపించింది. ఎండ గుడ్డ నేల మీంచి గోడకెక్కింది. పాప మీట నొక్కి, "అయిపోయింది," అంది.

ఆ ఆదివారాన్ని కింద పరిచి నాటకం మళ్లీ పెడితే, గంట, డస్టర్, కుర్చీ అన్నీ నేలకు దిగి నిలబడ్డాయి. వెళ్లేటప్పుడు హెడ్‌మాస్టరు నా భుజం తట్టారు. వేరే బడి ఊసు మళ్లీ ఎత్తలేదు.

మర్నాటి నుంచి పాప గలగలా మాట్లాడేసిందని మీరనుకుంటే అది తప్పు. వారమంతా మళ్లీ మౌనమే. ఆ తర్వాత ఒకరోజు పక్కపిల్లను రబ్బరు అడిగిందట. ఇంకో రోజు, నాటకంలో గంటకు జలుబు చేసినట్టుందని ఫిర్యాదు చేసిందట. నేను ఆగలేక టీచరుగారి దగ్గరికి వెళ్లాను, కృతజ్ఞతలు చెప్పడానికని పైకి, ముల్లు ఎందుకు కదిలిందో తెలుసుకుందామని లోపల.

"నాకెందుకు బాబూ, ఆ వాచీకి చెప్పండి," అని నవ్వారు. ఎప్పటిలాగే తీగ వేలికి చుట్టుకుంటున్నారు. "ఎందుకు మాట్లాడిందో నాకూ తెలీదు. పని అవసరం వచ్చింది, అందరూ ఊరుకున్నారు, దారి ఖాళీగా ఉంది. అంతే అనుకుంటా."

"మరి ఇంట్లో మేమేం చెయ్యాలండీ? ఏవైనా అభ్యాసాలు? రోజుకింతసేపు అని?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "ఏమీ వద్దు. బయట ఎవరైనా పాపని ఏదైనా అడిగినప్పుడు, రికార్డింగు నడుస్తోందనుకోండి. మీ గొంతు అందులో పడనివ్వకండి. ఎంతసేపైనా సరే."

ఇప్పుడు మేం పుస్తకాల దుకాణానికి వెళ్తే, కౌంటరు మీదకు వంగి దుకాణదారు, "ఏ రంగు పెన్సిల్ కావాలి పాపా?" అని అడుగుతాడు. జవాబు నాకు తెలుసు. అయినా అల్మారా వైపు చూస్తూ నిలబడతాను. వెనక వరసలో ఎవరో విసుగ్గా గొంతు సవరించుకుంటారు. నేను సవరించుకోను.