దేవదానం తాత పందిరి ద్రాక్ష

2022 మార్చి. శామీర్‌పేటలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా చర్చి సంఘస్థుడు, షుగర్ రోగి దేవదానం తాత కాలి బొటనవేలికి చెప్పు కరిచి పుండు పడింది. రోజు విడిచి రోజు డ్రెసింగ్ చేసేదాన్ని. మానకపోతే వేలు తీసేయాలని డాక్టరు గారు ముందే చెప్పారు.

మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష జనవరిలో బాగానే ఉంది. మాత్రలు తప్పడం లేదు, అన్నం తగ్గించాడు. అయినా ఇప్పుడు చక్కెర దిగదు, పుండు మానదు. ప్రతి రోజూ ప్రార్థించి, జవాబు రాలేదని దేవుడి మీద కూడా విసుక్కున్నాను.

ఒకరోజు బెంచీ మీద తాత టిఫిన్ డబ్బా తెరిచి నా ముందుకు జరిపాడు. నిండా ద్రాక్ష.

“అనాబ్ ద్రాక్ష, మా పందిరిదే. తిను సిస్టర్.”

“రోజూ తింటున్నావా తాతా?”

“పొద్దుగాల ఒక గిన్నె, మాపటికి ఒక గిన్నె.”

నాకు ఒళ్లు మండిపోయింది. “షుగర్ ఉన్నోళ్లు తీపి తినొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?”

“గది దుకాణం ద్రాక్షకు గదా! గిది మందు కొట్టనిది. షుగర్‌కు మంచిదనే తింటున్న.”

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

పక్కనున్న సారమ్మవ్వ మొగుడి మీది కోపమంతా నా మీద కుమ్మరించింది. “ఇంకెవరు? నువ్వే! చర్చిల మైకు వట్టుకొని చెప్తివి. గప్పటి సంది నా మాట ఇంటడా? ‘సిస్టర్ కంటె నీకెక్కువ ఎరుకనా’ అంటడు!”

నిజమే. తాత ఒకప్పుడు మేడ్చల్ ద్రాక్షతోటలో కూలీ. తోట ప్లాట్లయ్యే ముందు ఆ అనాబ్ రకం కొమ్మ ఒకటి తెచ్చి ఇంట్లో నాటుకున్నాడు. ఫిబ్రవరిలో, తొలి పంట దేవుడికి అర్పించే ప్రథమ ఫలాల ఆదివారం ఆ తీగ గుత్తులు తెస్తే, నర్సువి కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు పాస్టరు గారు. పలుచటి తోలు, గింజ దగ్గర చిరుపులుపు, ఆ రసం ముందు సంతలో పండు చప్పన అన్నాను. గుండెకు మేలు, పీచు ఉంటుంది అన్నాను. ఆ ఊపులో “దేవుడిచ్చిన మందు” అని కూడా అనేశాను. ఎవరు తినాలో, ఎన్ని తినాలో మాత్రం చెప్పలేదు.

ద్రాక్ష ఆపాక చక్కెర దిగింది. వేలు మాత్రం దక్కలేదు. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. “ఆ తీగను ఏమనకు సిస్టర్” అన్నాడు తాత. అదొక్కటే అడిగాడు.

చెప్పిన మాటను రోగి నోటితోనే తిరిగి చెప్పించుకోవడాన్ని మా వృత్తిలో టీచ్ బ్యాక్ అంటారు. క్లినిక్‌లో ఎప్పుడూ చేసేదాన్ని. చర్చిలో చేయలేదు. అందరూ ఆమెన్ అంటే అర్థమైందనుకున్నాను.