పిల్లికి బర్రెల సలహా

2019 వానాకాలంలో నన్ను సిద్దిపేట పశువుల దవాఖానకు సహాయ సంచాలకుడిగా వేశారు. హోదా పేరు పొడుగైందే కానీ పని మాత్రం పాతదే: పొద్దున ఓపీ, మధ్యాహ్నం ఊళ్ళల్లో శిబిరాలు. అప్పటిదాకా నా రోగులందరికీ దాదాపు కొమ్ములుండేవి. కొమ్ములు లేని రోగి వస్తే కొంచెం తడబడేవాణ్ణి.

అట్లా వచ్చింది మున్నీ అనే పిల్లి. బుర్కాలు కుట్టే షమీమ్ బేగం దాన్ని గంపలో పెట్టి తెచ్చింది. దాని కూన ముందురోజే వాంతులతో చచ్చిపోయింది. ఇప్పుడు తల్లికీ అవే వాంతులు. నీళ్ళ గిన్నె ముందు మూతి వేలాడేసి కూర్చుంటుంది, తాగదు. పిల్లులకు పార్వో వైరస్ సోకితే తరచుగా అట్లాగే కూర్చుంటాయి. మా దగ్గరున్నది కుక్కల పార్వో పరీక్ష కిట్టు. అది పిల్లికీ పనికొస్తుంది. రెండో గీత పడింది, అంటే వైరస్ ఉన్నట్టే. రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గిపోయాయి.

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, వేరే క్రిములు పైబడకుండా యాంటీబయాటిక్ ఇచ్చి, పిల్లి తనంతట తాను గట్టెక్కేదాకా కాపాడాలి. బర్రెలకు సీసాలు లెక్కపెట్టిన నేను చుక్కలు లెక్కపెట్టాను. నరం దొరక్క మూడుసార్లు పొడిచేసరికి అది చూసిన చూపుకు నేనే పిల్లినయ్యాను. షమీమ్ బేగం ఒకటే అడిగింది.

"డాక్టర్ సాబ్, కూన పోయింది. ఇంట్ల నాకు తోడు గిదొక్కటే. బతుకుతదా?"

ఇప్పుడే చెప్పలేనన్నాను.

రోజూ పొద్దున్నే గంప వచ్చేది. నాలుగో రోజు మున్నీ ఉడికించిన కోడిమాంసం రెండు ముక్కలు తిన్నది. ఆ సంబరంలో, కొట్టాల వాళ్ళకు రోజూ చెప్పే మాటే నోటికొచ్చింది: ఇల్లంతా ఫినాయిల్‌తో కడుక్కోండి.

ఆ మధ్యాహ్నం నంగునూరులో గాలికుంటు టీకాల శిబిరం. అప్పుడే కడిగిన కొట్టంలోంచి ఫినాయిల్ వాసన ముక్కుకు తగిలాక గానీ నా తప్పు తలకెక్కలేదు. ఫినాయిల్‌కు పార్వో చావదు, పిల్లి చావొచ్చు. తడినేల మీద తిరిగి పాదాలు నాకుతుంది, దాని కాలేయం ఆ విషాన్ని విరవలేదు. ఆమె ఫోన్ నంబరు రాసుకోలేదు. గల్లీ పేరు మాత్రం గుర్తుంది. టీకాలు కాంపౌండరుకు అప్పగించి జీపు తిప్పించాను.

గుమ్మంలోనే ఫినాయిల్ సీసా కనిపించింది, మూత తీసి ఉంది. ఆమె కుట్టు మిషన్ ఆపి లేచి వచ్చింది. కడిగేశారా అని అడిగాను.

"లేదు సాబ్. మూత తీసిన్నో లేదో, ఉరికి అల్మారా ఎక్కింది. నాలుగు దినాల సంది కదలనిది ఉరికె. దాన్నే సూసుకుంట కూసున్న, కడుగుడు మర్శిపోయిన."

అల్మారా మీది నుంచి మున్నీ నన్ను అనుమానంగా చూసింది. ఏ బర్రె ఈనినప్పుడూ నేనంత హాయిగా ఊపిరి వదల్లేదు.

తప్పు నాదేనని ఒప్పుకొని సీసా మూత బిగించాను. బ్లీచింగ్ నీళ్ళు ఎంత పలుచగా కలపాలో, నేల మీద పది నిమిషాలు ఎందుకు ఉంచాలో, మంచినీళ్ళతో కడిగి ఆరేదాకా పిల్లిని పక్కగదిలో ఎట్లా ఉంచాలో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని నవ్వింది.

"గల్లీలోల్లు ముందే అన్నరు సాబ్, ఆయన బర్రెల డాక్టరని."

కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

తర్వాత రిటైరయ్యేదాకా ఓపీ రిజిస్టరులో ఫోన్ నంబరుకు ఒక గడి గీయించాను. దేనితో కడగాలో కూడా, జంతువును చూసి, మందుల కిందే చీటీలో రాశాను. నోటితో ఇచ్చే సలహాకూ మోతాదు ఉంటుంది. అలవాటు మీద ఇవ్వకూడదు.