డప్పు లేని మాట

"సదువు మద్దెలో ఒగ్గీసొచ్చి ఆటో తోలుకుంతన్నోడివి, నాకు బుద్దులు సెప్తన్నావేటిరా?"

"నాను ఒగ్గీసింది సదువేనే అప్పా. నువ్వు బతుకే ఒగ్గీసి కూకున్నావు."

"నా మొగుడొస్తాడు. అమ్మోరు సెప్పినాది."

"నాలుగేళ్ళ నుంచి వస్తానే ఉన్నాడు. ఏ రైలెక్కినాడో మరి."

తడిక అవతల నెత్తళ్ళ చేపలు ఎండబోస్తున్న జగ్గమ్మ చేతులు ఆగిపోయాయి. లోపల అరుచుకుంటున్నది ఆమె కోడలు దుర్గ, దుర్గ తమ్ముడు కొండబాబు. వస్తాడంటున్న ఆ మొగుడు జగ్గమ్మ ఒక్కగానొక్క కొడుకు ఎర్రన్న. హుద్‌హుద్ తుపానుకి ముందటేడు వేటకెళ్ళాడు. ఖాళీ తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు, శవమూ దొరకలేదు.

ఇప్పుడు కళింగపట్నంలో పెళ్ళాం పోయిన మనిషొకడు దుర్గను మారుమనువు అడుగుతున్నాడు. వాళ్ళ కులంలో అది తప్పు కాదు. దుర్గకి ముప్పై కూడా నిండలేదు. అడ్డమల్లా అమ్మోరి మాటే. ఆ మాట వచ్చింది జగ్గమ్మ నోటి నుంచే.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే తగిలే ఆ పేటలో అమ్మోరు పూనేది జగ్గమ్మకే. కాపురానికొచ్చిన కొత్తలో పండగనాడు డప్పు మోతకి ఊగిపోయింది. అంతవరకు కూరలో ఉప్పు సంగతిలో కూడా ఆమె మాట చెల్లేది కాదు. ఆ తర్వాతా చెల్లలేదు, అది వేరే సంగతి. కానీ చేతికి వేపమండలిచ్చి డప్పు కొడితే అత్తగారే వచ్చి కాళ్ళ మీద పడేది. వలలెప్పుడు దించాలో, ఏ పిల్లను ఏ ఇంటికివ్వాలో పేటంతా అడిగేది. తెలివొచ్చాక తానేం చెప్పిందో ఆమెకు గుర్తుండేది కాదు. జనం చెబితే వినేది. జనంతో పాటే నమ్మేది.

ఎర్రన్న కనపడకుండా పోయిన వారంలోనే, పేటలో పండగలకి వాయించే లక్ష్ముడు వచ్చి డప్పు కొట్టాడు. "వస్తాడు" అని అమ్మోరు పలికిందట. అదీ నమ్మింది.

నమ్మనిది ఆమె చెయ్యి. తెప్ప ఒడ్డుకొచ్చిన మర్నాడు ఎసట్లోకి బియ్యం తీస్తుంటే, కొడుకు వాటా దగ్గర చెయ్యి ఆగిపోయింది. మరిచిపోయాననుకుంది. ఆ మర్నాడూ అంతే. "మరిసిపోనావత్తా" అంటూ దుర్గ ఇంకో గుప్పెడు పోసేది. అప్పట్నుంచీ అత్త తగ్గిస్తూనే ఉంది, కోడలు పోస్తూనే ఉంది. మిగిలింది పొద్దున్న చద్దికి పోయేది. జగ్గమ్మ తన మతిమరుపును తిట్టుకునేది.

లోపల కొండబాబు గొంతు తగ్గించాడు. "పోనీ మళ్ళా అడుగుదుము. లక్ష్ముడు మావని పిలుస్తాను. అమ్మోరు ఎల్లమంటే ఎల్తావా?"

దుర్గ గొంతు వినిపించింది. "ఎల్తాను."

ఇద్దరూ బయటికొచ్చారు. "అత్తా, రేపు డప్పు కొట్టిద్దుమా?" అన్నాడు కొండబాబు.

డప్పు మోగితే తన నోట ఏం పలుకుతుందో జగ్గమ్మకే తెలీదు. మళ్ళీ "వస్తాడు" అని పలికితే? ఈ పిల్ల ఈ తడిక వెనకే ముసల్దయిపోతుంది. మరి నాలుగేళ్ళుగా తన చెయ్యి చెబుతున్నదేమిటి?

"డప్పొద్దు. నాను సెప్తాను," అంది.

"నువ్వేటి సెప్తావత్తా?" అంది దుర్గ.

"ఆడు లేడే."

"అమ్మోరి మాట మీద నీ మాటా?"

చేతిలో వేపమండలు లేకుండా ఇంత మాట జగ్గమ్మ ఎన్నడూ అనలేదు. "ఆరోజు అమ్మోరు పలికినాదో, నా కన్నకడుపు పలికినాదో నాకు తెల్దు. నా సెయ్యి మాత్రం తెప్పొచ్చిన కాణ్ణుంచీ ఆడికి బియ్యం తియ్యలేదు. నువ్వే పోస్తన్నావు. నాను మరిసిపోయి కాదే. నాకు తెలుసు. నాకు తెలిసింది నానే ఇన్లేదు."

"తప్పయితే?"

"తప్పయితే నా మీదకే వస్తాది. రానీ. కళింగపట్నం ఎల్తావో మానేస్తావో నీ ఇష్టం. ఆడికోసం మాత్రం కూకోకు."

దుర్గ లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. జగ్గమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. ఎసట్లో తమ ఇద్దరికీ బియ్యం పోసి, దుర్గ ఇంకో గుప్పెడు తీసింది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత డబ్బాలోనే పోసేసి మూత పెట్టింది. అప్పుడు ఏడ్చింది. జగ్గమ్మ లోపలికి వెళ్ళలేదు, ఏడవనిచ్చింది.

కొండబాబు ఆటో దగ్గరికి నడిచాడు. వెనకే జగ్గమ్మ వచ్చింది.

"పేటలో అడుగుతారు కదత్తా," అన్నాడు సీట్లో కూర్చుంటూ. "అమ్మోరు ఒగ్గీమన్నాదని సెప్పేస్తాను. ఎవుడూ నోరెత్తడు."

జగ్గమ్మ ఆటో కమ్మీ పట్టుకుంది. నెత్తళ్ళ ఉప్పు ఇంకా ఆమె వేళ్ళకి అంటుకునే ఉంది.

"అలా సెప్పకు బావూ," అంది. "జగ్గమ్మ సెప్పినాదని సెప్పు."