నేను పంపని బండి

ఒట్లు పెట్టుకోవడం మా ఇంట అలవాటు లేదు. చెప్పామంటే జరిగినట్టే. ఇదీ జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం.

తొంభైల చివర. ఎక్కణ్ణుంచైనా ఒకే నంబరుకి చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు కావవి. విజయవాడ చుట్టుపక్కల ఊళ్ల ఆసుపత్రులూ పంచాయతీలూ కలిసి ఒక సమన్వయ మండలి పెట్టుకున్నాయి. ఊరికొక వ్యాను. అన్నిటికీ కలిపి గవర్నర్‌పేటలో ఒక గది, ఒక ఫోను, ఒక వైర్‌లెస్ సెట్టు. రాత్రిళ్లు ఆ గదిలో నేను.

మా తాతగారికి నాలుగు ఊళ్ల శిస్తు వచ్చేది. నాకు నెలజీతం. డ్రైవర్లు నన్ను 'రాజావారు' అని ఎగతాళి చేసేవారు. విననట్టే ఉండేవాణ్ణి.

అంతకు మూడేళ్ల ముందు మా నాన్నగారు పోయారు. గుండెనొప్పి. పక్కింటివాళ్లకి కారుంది. "అడగొద్దురా అబ్బీ" అన్నారు నాన్నగారు. అడగలేదు. తెల్లవారేసరికి అయిపోయింది. అంతే.

మండలికి ఒక నియమం ఉంది. ఆకతాయి ఫోన్లు ఎక్కువై బండ్లు ఊరికే తిరుగుతున్నాయని పెట్టారు. ఎవరైనా ఫోను చేస్తే నంబరు రాసుకుని, పెట్టేసి, మనం తిరిగి చెయ్యాలి. ఎత్తితేనే బండి. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే బండి లేదు. నేనెప్పుడూ తప్పలేదు.

ఆ రాత్రి వాన. రెండూ పదికి ఫోను మోగింది.

"అయ్యా, కొండపల్లి నుంచండీ... మా ఆయనకి గుండెల్లో నొప్పండీ. చెమటలు పట్టేసినయ్యండీ. బొమ్మలు చేసేవాళ్ల వీధి, మసీదు వెనక... జైనబ్ ఇల్లంటే చెప్తారండీ..."

"నంబరు చెప్పమ్మా. పెట్టేసి అక్కడే ఉండు. తిరిగి చేస్తాను."

నంబరు చెప్పింది. "ఇది కొట్టు బయటి రూపాయి ఫోనండీ... ఇంట్లో ఆయనొక్కడే ఉన్నాడండీ..."

"అక్కడే ఉండమ్మా."

చేశాను. మోగింది... మోగింది... ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి లెక్కపెట్టాను. ఇరవై రింగులు. పెట్టేశాను.

రిజిస్టరులో 'జవాబు లేదు' అని రాశాను. కలానికి మూత పెట్టాను. అది బాగా గుర్తు.

వైర్‌లెస్ సెట్టు ఎదురుగానే ఉంది. ముట్టుకోలేదు. రేకుల మీద వాన... గోడగడియారం... సెట్టులోంచి సన్నగా జరజర. అది ఎప్పుడూ ఉండేదే. మనం మీట నొక్కి మాట్లాడేటప్పుడు మాత్రమే ఆగుతుంది.

అది ఆగింది.

నేను కుర్చీలోనే ఉన్నాను. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. రెండు క్షణాలు... నాలుగు... ఎనిమిది... మళ్లీ జరజర మొదలైంది. భయం వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు.

నాలుగింటికి సెట్టు పలికింది. కొండపల్లి డ్రైవరు మస్తాన్.

"రాజావారూ, ఆసుపత్రిలో దింపేశామండీ. ఇంకో అరగంటైతే దక్కేవాడు కాదంట. ఆవిడ మీకోసం దువా చేస్తావుంది."

"ఎవర్ని దింపావు?"

"భలేవారే! మీరేగా పంపింది. మసీదు వెనక, జైనబమ్మ ఇల్లు. ఫోను చేసి ఇంటికి పరిగెత్తిందంట పాపం. రెండుంబావుకి చెప్పారుగా నాకు."

"నేను చెప్పలేదు."

"మీ గొంతు నాకు తెలీదా ఏంటండీ! నిద్రమత్తా?"

అప్పుడు చూశాను. మైకుని నేనెప్పుడూ కొక్కేనికి తగిలిస్తాను. అది బల్లమీద ఉంది.

ఆ నెల మండలి సమావేశంలో అధ్యక్షులవారు రిజిస్టరు నా ముందు పెట్టారు. "నియమం మీరినా ప్రాణం నిలబెట్టారు, సంతోషమే. కానీ ఇక్కడ జవాబు లేదని ఉంది. బండి మీరే పంపారని దిద్ది సంతకం చెయ్యండి. లేకపోతే ఆర్డరు లేకుండా బండి తీసినందుకు ఆ డ్రైవరుని పంపించెయ్యాల్సి వస్తుంది."

మస్తాన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు.

దిద్దాను. ఇంటిపేరుతో సహా సంతకం చేశాను. అది అబద్ధమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

బయట టీకొట్టు దగ్గర మస్తాన్ తేలికపడ్డాడు. "అంతా బాగుందిగానీ రాజావారూ, ఆ రాత్రి నన్ను అబ్బీ అన్నారేంటండీ కొత్తగా?"

"ఏమన్నాను?"

"'బయల్దేరరా అబ్బీ. నేనైతే అడగలేదు. వాళ్లు అడిగారు' అన్నారు. మీరు అడక్కపోవడం ఏంటో నాకు అర్థం కాలేదనుకోండి."

టీ తాగాను. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

ఫోనులో నాన్నగారి గొంతూ నాదీ ఒకటేనని అమ్మ అనేది. నేనే ఒళ్లు తెలియకుండా మీట నొక్కానేమో... ఏమో.

ఇంకో నాలుగేళ్లు అక్కడే పనిచేశాను. నియమం మారలేదు. మూడోసారీ ఎవరూ ఎత్తకపోతే 'జవాబు లేదు' అని రాసేవాణ్ణి. రాసి, కుర్చీని గోడవైపు తిప్పుకుని, సెట్టుకి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి... కాసేపు. ఆ జరజర ఆగుతుందేమోనని.