ఒక్క పొంగు చాలన్నాడు

ఆ ఇంట్లో స్టవ్ పొద్దున ఆరింటికి వెలుగుతుంది, ఆరుంపావు దాటగానే ఆరిపోతుంది. ఆ కాస్త మంట మీదే ఆరుగురికి మధ్యాహ్నం భోజనం తయారు కావాలి. వండేది టైలర్ గారి అక్క. భర్త పోయాక తమ్ముడి ఇల్లు చేరింది. వచ్చిన రోజునే తమ్ముడు నవ్వుతూ ఒక మాటన్నాడు.

"గ్యాసు బండ ఎన్నాళ్ళొస్తే నువ్వన్నాళ్ళుండక్కా."

అందరూ నవ్వారు, ఆమె కూడా. తర్వాత ఆలోచిస్తే అందులో వేళాకోళం పెద్దగా కనిపించలేదు.

ఆ రోజు నుంచి ఆమె మంటకు కాపలా కాసింది. పప్పు ముందురోజే నానబెట్టేది. మూత లేని గిన్నెను స్టవ్ ఎక్కనిచ్చేది కాదు. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు పాకితే "ఎవరికే వండుతున్నావు, గాలికా?" అని తననే తిట్టుకునేది. బర్నర్ కన్నాలను సూదితో పొడిచి శుభ్రం చేసేది.

వీటన్నిటినీ మించిన ఉపాయం పెట్టె. షాపులో ఊడ్చిపారేసే గుడ్డపీలికలను ఉతికి ఆరబెట్టి ఓ పాత చెక్కపెట్టెలో దట్టంగా కూరింది. నడుమ గిన్నె పట్టేంత గుంట వదిలింది. అన్నమో పప్పో బాగా మరిగాక మూత కదపకుండా అందులో దించి, పైన పీలికల దిండు అదిమేది. మిగతా ఉడుకంతా పెట్టెలోనే. మధ్యాహ్నం తీస్తే పొగలు కక్కేది.

బండ దాదాపు రెట్టింపు రోజులు రాసాగింది. తమ్ముడు కొలతలు తీసుకుంటూ వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు: "మా ఇంట్లో వంట గుడ్డముక్కలు చేస్తాయండీ. ఐడియా నాదే." పక్కగదిలో అక్క వినేది. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందని ఊరుకునేది.

పొదుపు రుచి మరిగిన ఇంట్లో దానికి అంతుండదు. ఆలస్యంగా తాగుతోందని ముందు ఆమె టీ వేడి చేయడం మానేశారు. చలికాలంలో వేడినీళ్ళు అడిగితే మరదలు కిసుక్కున నవ్వింది. "నువ్వు కూడా ఆ పెట్టెలో దూరి కూర్చో వదినా. మధ్యాహ్నానికల్లా వెచ్చబడతావు."

అలాంటి రోజుల్లోనే తమ్ముడు ఎక్కడో చవగ్గా దొరికాయని రాజ్మా అనే ఎర్రచిక్కుడు గింజల బస్తా తెచ్చాడు. షాపులో బడి యూనిఫారాల ఆర్డరు. ముగ్గురు పనివాళ్ళు తల ఎత్తకుండా కుడుతున్నారు. గింజలు నానాయి, స్టవ్ ఎక్కాయి, ఒక పొంగు వచ్చింది.

"ఆపెయ్ ఇక," అన్నాడు తమ్ముడు.

"ఇవి పప్పు లాంటివి కావురా. కుతకుతా ఉడకాలి, పావుగంటన్నా. సగం ఉడికితే విషమని అమ్మ అనేది."

"అమ్మకి కట్టెలు ఊరికే వచ్చేవి. మంట మీదే ఉడికించేట్టయితే ఆ పెట్టె ఎందుకు, నువ్వెందుకు?"

చెయ్యి చాపి తనే నాబ్ తిప్పేశాడు. ఆమె మళ్ళీ వెలిగిస్తుందేమోనని లైటర్ జేబులో వేసుకుని షాపుకు వెళ్ళాడు. మంచినీళ్ళ కోసం వచ్చిన, షాపులో బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

మధ్యాహ్నం పెట్టె తెరిస్తే గింజలు పైకి మెత్తగానే కనిపించాయి. ఆమె ఒకటి నలిపి చూసి, ఫరవాలేదని తనకు తనే చెప్పుకుని వడ్డించింది. పనివాళ్ళు మారు పెట్టించుకున్నారు. తమ్ముడూ మరదలూ బొత్తాలు కొనడానికి బజారుకెళ్ళి అక్కడే తిన్నారు.

సాయంత్రంలోగా ముగ్గురూ మిషన్లు వదిలి కాలవ పక్కన కూలబడ్డారు. వాంతులు ఆగలేదు. చివర తిన్న అక్క చివర వాంతి చేసుకుంది. పెరట్లో కాబట్టి ఎవరూ చూడలేదు. పనివాళ్ళు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి బడివాళ్ళు గుడ్డంతా లెక్క చూసుకుని వేరే టైలర్‌కు ఇచ్చేశారు.

"నాకు తెలియాలి," అన్నాడు తమ్ముడు షాపు నిండా జనం ఉండగా. "ఆ గింజల్ని సగంలో ఆపింది ఎవరు?"

ఇస్త్రీ ముసలాయన చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "మాస్టారూ, ఆ పూట నాబ్ తిప్పింది..."

"నేనే," అంది అక్క. "వయసైపోయింది. మరిచిపోయి ఆపేశాను."

పదిమందిలో తమ్ముడి పరువు నిలిపితే ఇంట్లో తన చోటు నిలుస్తుందని ఆమె లెక్క. తమ్ముడు ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. ఆ క్షణంలో ఆమెకు ఆశ కలిగింది.

"విన్నారుగా. తోడబుట్టింది కదా అని అన్నం పెడితే ఇదీ వరస. ఇక ఈమె చేతి వంట నా గుమ్మంలో ఉండదు."

"వదినకి చెడ్డ బుద్ధి లేదండీ," అంది మరదలు. "మతి లేదంతే."

జనం కదిలాక ముసలాయన అడిగాడు. "నీ నోట్లో నాలుక లేదా అమ్మా?"

"నాలుక ఉందయ్యా. చోటే లేదు."

ఆదివారం తమ్ముడు ఆమెను ఊరి చివర కూలీల హాస్టల్‌కు తీసుకెళ్ళాడు. "మా అక్క వంటలో చెయ్యి తిరిగిన మనిషి," అని మేనేజరుకు చెప్పాడు. "గ్యాసు విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

అక్కడ పూటకు రెండు వందల నలభై మంది తింటారు. ఆమె పడక వంటగదిలోనే, బియ్యం బస్తాల పక్కన. జీతం ఆమె చేతికి రాదు. యూనిఫారాల నష్టం తీరేదాకా ప్రతి నెలా ఒకటో తారీఖున తమ్ముడే వచ్చి తీసుకుంటాడు.