ఒకే తాను గుడ్డ

నెల్లూరు చిన్నబజారులో బట్టల కొట్ల ముందు నుంచి నడుస్తుంటే, అప్పుడే విప్పిన తానులోంచి గంజీ కొత్త నూలూ కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. పక్కన నడిచేవాళ్లకు అది గుడ్డ వాసన. నాకు క్రిస్మస్ వాసన.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా ఊళ్లో డిసెంబరంటే వాయుగుండాల కాలం. పడవలన్నీ ఒడ్డుకు లాగేసి ఉండేవి, తడికి ఉబ్బిన తలుపులు మూసుకునేవి కావు, వేటకు పోలేక నాన్నా చిన్నాన్నా వెదురు బద్దలు చీల్చి రంగు కాగితాల నక్షత్రం కడుతుంటే, మా అవ్వ, అంటే నాన్నను కన్న తల్లి, పెరట్లో అరిసెలు ఒత్తుతూ, జంతికల్లాంటి మణుగుబూలు వేయిస్తూ, బెల్లప్పాకం అంటిన చేత్తోనే దగ్గరికొచ్చిన పిల్లల వీపు తట్టేది. ఆమె ముగ్గురు కొడుకుల పిల్లలందరికీ పండగ కానుక ఒక్కటే, ఒక జత బట్టలు. ఒకే తాను కొని మగపిల్లలకు చొక్కాలు, ఆడపిల్లలకు గౌన్లు కుట్టించేది. ఒక ఏడు పసుపు మీద నల్ల చుక్కలు, ఇంకో ఏడు పచ్చ గళ్లు. అవి వేసుకుని చర్చికి పోతుంటే బ్యాండుమేళం వస్తోందని ఊరంతా నవ్వేది. పెదనాన్న కూతురు షారోనూ నేనూ ఇంచుమించు ఒక ఈడు వాళ్లం. మీరు కవలలా అని ఎవరైనా అడిగితే ఇద్దరం ఒక్కసారే ఔననేవాళ్లం.

పెదనాన్న ముత్తుకూరు దగ్గర హార్బరు పనులకు లారీలు తిప్పి, నెల్లూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఏటి పండక్కి పెద్దమ్మ కారులోంచి పెట్టెలు దించింది. షారోనుకు నడిచే బొమ్మ, వాళ్ల అన్నకు రిమోటు కారు, మిగిలిన పిల్లలకు తలా ఒక స్కెచ్ పెన్నుల ప్యాకెట్టు. మా చెల్లెలు ఆ బొమ్మ వెనకాలే నడిచి నడిచి, చివరికి దాని జుట్టు ముట్టుకుంది.

"ఇరగ్గొడతావు, పక్కకు పోమ్మే" అని పెద్దమ్మ చెల్లెలి చెయ్యి లాగేసింది.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "అబ్బయ్యా, వచ్చే పండక్కి ఈ బొమ్మలేం వద్దు. బిడ్డలందరికీ ఒక జత గుడ్డలు నేనే కుట్టిస్తా. అంతే చాలు."

పెదనాన్న తల వంచుకున్నాడు. జవాబు పెద్దమ్మ చెప్పింది. "మా బిడ్డలకి మేం కొనుక్కున్నా తప్పేనా అత్తా? మీకు లేదని మమ్మల్ని గూడా లేకుండా ఉండమంటే ఎట్టా?"

"లేదని కాదమ్మే. ఒక ఇంట్లో బిడ్డలు ఒకర్ని చూసి ఒకరు చిన్నబోకూడదని చెప్తుండా."

భోజనాలు కాకుండానే కారు వెళ్లిపోయింది. ఏ పండక్కీ చాలని మాంసం కూర ఆ రోజు సగం దబరా మిగిలిపోయింది.

మరుసటి ఏడు వాళ్లు రాలేదు. అయినా అవ్వ అందరికీ కలిపే తాను కొన్నది, ఊదారంగు మీద తెల్ల పూలు. వాళ్ల జతలు ముందే నాన్నతో పంపించి, కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యాక మనసాగక, అరిసెల డబ్బాతో నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కింది. నేను నా గౌను వేసుకునే వెళ్లాను. గేటు ముందు డ్రైవరు కారు తుడుస్తున్నాడు. నా గౌను వైపు చూసి, చేతిలో ఉన్న ఊదారంగు గుడ్డ వైపు చూసుకుని, ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"బిడ్డకి గౌను పొట్టయ్యుంటాదిలే" అంది అవ్వ.

లోపల పెద్దమ్మ ఇచ్చిన టీ చివరిదాకా తాగింది. షారోను నన్ను చూసి గదిలోకి వెళ్లింది, మేం బయల్దేరేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత పోయేదాకా అవ్వ మళ్లీ తాను కొనలేదు.

ఇప్పుడు పండగంటే కొరియరు పెట్టెలు. అందరం ఫోను గ్రూపులో ఉన్నాం, ఎవరి క్రిస్మస్ చెట్టు ఫొటో వాళ్లు పెడతాం. మొన్న షారోను రాసింది: "పిల్లలకు గిఫ్టులు పంపుకోవడం ఈసారి నుంచి ఆపేద్దాం. ఎవరి పిల్లలకు వాళ్లే కొనుక్కుంటే సింపుల్." వరసగా అందరూ బొటనవేళ్లు పెట్టారు. నేనూ పెట్టాను.

భుజం మీంచి తొంగి చూస్తున్న నా కూతురు అడిగింది, "షారోను ఎవరమ్మా?"

"నీకు పెద్దమ్మవుతుంది" అన్నాను. అది తలూపి, మళ్లీ తన పెట్టె విప్పుకోవడంలో పడింది.