ముప్పై వాట్ల ఆంప్లిఫైయర్

నా చెవుల మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఏ బేరింగు ఇంకెన్నాళ్లు నడుస్తుందో చప్పుడు విని చెప్పేవాణ్ణి. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమంటే, మరి బేరింగు గోడు ఎవడు వింటాడని కసిరేవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకుని మా ఆవిడ, "మీరు పెట్టే పాటలు పగిలినట్టు వినిపిత్తన్నాయండి" అంటే ఒళ్లు మండిపోదా?

కూర్మన్నపాలెంలో మా ఇంటి హాల్లో వంద వాట్ల స్పీకర్లు రెండున్నాయి. వాటికి కావాలనే ముప్పై వాట్ల ఆంప్లిఫైయర్ తగిలించాను. చిన్న ఆంప్ పెద్ద స్పీకర్లనేం చేయగలదని నా ధీమా. ఆవిడ మాట తప్పని తేల్చడానికే ఆ ఆదివారం పొద్దున్న వన్‌టౌన్ నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాను.

ఆయన నాకంటే పెద్దవాడు. స్పీకర్లు విప్పి మీటరు పెట్టి చూశాడు. సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్లు రెండూ కాలిపోయి ఉన్నాయి.

"సిన్న ఆంపే కాల్సేత్తాది సార్. దాని శక్తికి మించి వాల్యూం పెడితే పాట విరిగిపోద్ది, ట్వీటర్ వేడెక్కి పోద్ది. ఈ స్పీకర్లకి వందో, నూట యాభయ్యో వాట్ల ఆంప్ ఉండాల."

"విరిగితే నాకు వినపడదా?" అన్నాను. నా గొంతు లేచింది. "ఏదీ, చూపించు!"

ఆయన కొత్త ట్వీటర్లు బిగించి, అదే ఆంప్‌కి తగిలించి పాట పెట్టాడు. "నాను కొంచెం కొంచెం పెంచుతాను. విరిగిన సోట సెయ్యెత్తండి, ఇద్దరూ" అన్నాడు.

కళ్లు మూసుకున్నాను. వాల్యూం నాబ్ తిరుగుతోంది, పాట పెరుగుతోంది, బాగానే ఉంది. ఇంకా పెరిగింది, ఇంకా బాగుంది. ఎంతసేపటికీ విరగదే! కళ్లు తెరిచాను. మా ఆవిడ చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది, రెండో చేత్తో చెవి మూసుకుంది. మెకానిక్ నాబ్ వైపు కాదు, నా వైపు చూస్తున్నాడు.

నేనూ చెయ్యెత్తేస్తే పోయేది. పరువైనా దక్కేది. కానీ ఎక్కడ ఎత్తాలో నాకు నిజంగా తెలియలేదు. జీవితంలో మొదటిసారి ఒక పాటంటే భయమేసింది.

ఆయన ఆపేశాడు.

"కొత్త ట్వీటర్లు పలుకుతున్నాయా అసలు?" అని అడిగాను.

"పలుకుతన్నాయి సార్" అన్నాడు, తల దించుకుని.

మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. గెలిచానన్న సంబరం ఆ మొహంలో ఎక్కడా లేదు.

"నాకిలా ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"మూడేళ్లవుతాది. అందుకే కదండీ నాను గట్టిగా మాటాడతన్నాను."

ఆ మూడేళ్లూ అది కోపమనుకుని, నేనూ ఆవిడ మీద అరుస్తూ వచ్చాను.